ఎస్టిమేట్ ఒకటి, ఇన్సూరెన్స్ ఇచ్చేది ఒకటి

ప్రశ్న: వెనక నుంచి ఎవరో గుద్దితే నా కారు బంపర్, డిక్కీ తలుపు నొక్కుకుపోయాయి. గ్యారేజీ ఎస్టిమేట్ కంటే ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకున్నది చాలా తక్కువ. మిగతాది నేనే కట్టాలా?

జవాబు: తొందరపడి కట్టేయకండి. నష్టం లెక్కకట్టడానికి ఇన్సూరెన్స్ వాళ్ళు పంపిన సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకుని, ఎస్టిమేట్ పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ పోల్చి చూస్తే ఎక్కడ కోత పడిందో తెలిసిపోతుంది. చాలా పాలసీల్లో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగుదల కింద కొంత తగ్గిస్తారు, పైగా ప్రతి క్లెయిమ్‌లో మన వాటా ఇంత అని ముందే రాసి ఉంటుంది, వీటి మీద వాదించి లాభం లేదు. (జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవర్ తీసుకుని ఉంటే తరుగుదల టెన్షన్ చాలావరకు ఉండదు.)

అసలు చిక్కు వేరే ఉంది. బంపర్ విప్పాక లోపల బార్ వంగిందని తేలితే, అది మొదటి రిపోర్టులో ఉండదు కదా! అక్కడే పని ఆపించి, ఫొటోలు తీసి, మళ్ళీ వచ్చి చూడమని మెయిల్ పెట్టండి. ఫోన్లో ‘చూస్తాం సార్’ అన్న మాట రేపు ఎవరికీ గుర్తుండదు. సర్వేయర్ చూసేదాకా విరిగిన ముక్కలు పారేయనివ్వకండి.

తప్పు అవతలి బండిదే అయితే, దాని ఇన్సూరెన్స్ నుంచి రాబట్టే వీలుందేమో కూడా అడగండి.