పే స్లిప్పులో ఏడు గంటలు ఎటు పోయాయి?

ప్రశ్న: నేను గోడౌన్‌లో నైట్ డ్యూటీ చేస్తాను. రాత్రి 10కి ఎక్కితే ఉదయం 6.15కి దిగుతాను. మధ్యలో అరగంట విరామం, దానికి జీతం లేదు. పోయిన నెల 24 డ్యూటీలు చేశాను. నా లెక్క ప్రకారం 186 గంటలు రావాలి, పే స్లిప్పులో 178.80 అని ఉంది. సూపర్‌వైజర్‌ని అడిగితే ‘పంచింగ్ మెషీన్ లెక్కమ్మా, తప్పు ఉండదు’ అన్నారు. ఒక్కదాన్నే గొడవ పెట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ లెక్కే కరెక్టమ్మా. 178.80ని 24తో భాగించి చూడండి, సరిగ్గా 7.45 వస్తుంది. దొంగ దొరికాడు! మీ డ్యూటీ 7 గంటల 45 నిమిషాలు. దాన్ని ఎవరో 7.45 అని కొట్టేశారు. 45 నిమిషాలంటే ముప్పావు గంట, కాబట్టి షీట్‌లో 7.75 పడాలి. డ్యూటీకి 18 నిమిషాల చొప్పున మొత్తం 7 గంటల 12 నిమిషాలు ఎగిరిపోయాయి. దాదాపు ఒక రాత్రి కష్టం.

జీతాల సెక్షన్‌లో ఉన్నన్నాళ్లూ ఈ పొరపాటు చూస్తూనే ఉన్నాను. మెషీన్ సరిగ్గానే కొట్టి ఉంటుంది. అందులోంచి జీతాల షీట్‌లోకి ఎక్కించే దగ్గరే చెయ్యి జారుతుంది. చాలాసార్లు దురుద్దేశం ఉండదు, అయినా పోయేది మీ డబ్బేగా.

గొడవ అక్కర్లేదు, కాగితం చాలు. సూపర్‌వైజర్‌కి కాకుండా నేరుగా జీతాల సెక్షన్‌కి రాయండి: ‘24 డ్యూటీలకు 7.75 బదులు 7.45 పడింది. తేడా 7.20 గంటలు, అంటే 7 గంటల 12 నిమిషాలు. సరిచేసి, నా పంచింగ్ రికార్డు కాపీ ఇవ్వగలరు.’ అంతే. ‘మోసం’ అన్న మాట రాయకండి, రాస్తే లెక్క పక్కకుపోయి మాటల దగ్గరే ఆగిపోతుంది. ఇలా అడగడం మొండితనమేమీ కాదు. జీతం ఇచ్చే ప్రతిసారీ అందులో మారే వివరాలు కార్మికులకు తెలియాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949 నాటి వేతన రక్షణ ఒప్పందంలోనే ఉంది.

పాత స్లిప్పులు కూడా తీసి ఇలాగే భాగించండి. బకాయిలు అడగడానికి చాలా చోట్ల గడువు ఉంటుంది, ఆలస్యం చేయొద్దు.

ఇకమీదట మీ గంటల లెక్కకి సొంతంగా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎక్కిన టైము, దిగిన టైము, విరామం ఏ రోజుకారోజే రాయండి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని నింపిన పుస్తకాన్ని నేనైతే నమ్మేదాన్ని కాదు. విరామంలో పనికి పిలిస్తే అదీ రాయాలి. మీది అర్ధరాత్రి దాటే డ్యూటీ కాబట్టి ఎక్కిన తేదీ కిందే రాసుకోండి, నెల లెక్క ఏ తేదీకి ముగుస్తుందో ఆఫీసులో కనుక్కోండి. నెల చివరి రాత్రి కొంత వచ్చే నెల జీతంలోకి వెళ్లొచ్చు, అది తప్పు కాదు. డ్యూటీ చార్టు మారకముందే ఫొటో తీసి పెట్టుకోండి.

తేడా డబ్బు వచ్చాక స్లిప్పులో ‘బకాయి’ అని విడిగా చూపించారో లేదో చూడండి. మొత్తంలో కలిపేస్తే ఏ నెలది ఎంత వచ్చిందో తర్వాత మీరే తేల్చలేరు.