‘యొక్క’ను పక్కన పెట్టి మళ్ళీ రాయి

చిరంజీవికి,

ఆశీస్సులు. తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఉద్యోగంలో చేరాక ఇంగ్లీషు నేర్చుకోవాలనుకునే పెద్దవాళ్ళ కోసం నువ్వు రాస్తున్న వ్యాకరణ పుస్తకంలోని అయిదో అధ్యాయం నిన్న సాయంత్రం కూర్చుని పూర్తిగా చదివాను. ఒక వస్తువు ఎవరిదో, ఒక మనిషి ఎవరి తాలూకో ఇంగ్లీషులో చెప్పడం ఎలాగో నేర్పే అధ్యాయం కదా అది. రాత శుభ్రంగా ఉంది, సూత్రాల్లో తప్పులు లేవు. అయినా మొదటి పేజీ మొదటి వాక్యం దగ్గరే నా పెన్సిలు ఆగింది. “ఆఫ్ అంటే యొక్క” అని మొదలుపెట్టావు. నా మొదటి పుస్తకాన్ని నేనూ సరిగ్గా ఆ మాటతోనే మొదలుపెట్టాను కనుక, అది చదివేవాళ్ళను ఎక్కడికి తీసుకుపోతుందో నాకు బాగా తెలుసు.

మనింట్లో ఎవరైనా “సీత యొక్క చీర”, “అన్నయ్య యొక్క బండి” అంటారా? సీత చీర, అన్నయ్య బండి అంటాం. రెండు మాటలు పక్కపక్కన పెడితే చాలు, సంబంధం కుదిరిపోతుంది. కొన్ని మాటలు మాత్రం పక్కమాటతో కలవడానికి ముందు కాస్త వేషం మార్చుకుంటాయి. ఇంటి తలుపు, ఊరి చెరువు, రాతి గోడ, నేతి గారె అంటాం తప్ప ఇల్లు తలుపు, ఊరు చెరువు అనం. చిన్నయసూరి ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలన్నది ఈ మార్పుల గురించే. షష్ఠీ విభక్తి ప్రత్యయాల వరుసలో కిన్, కున్‌ల పక్కన ‘యొక్క’ ఉన్న మాట నిజమే. బడిలో అందరం వల్లె వేశాం. కాని అది గ్రంథాల్లో, అనువాదాల్లో, దస్తావేజుల్లో బతుకుతున్న మాట. నోట్లో లేని మాటను తెచ్చి, దాన్ని కొత్త భాషలోని మాటకు జత చేస్తే, నేర్చుకునేవాడికి ఒకదానికి రెండు పరాయి భాషలు నేర్పినట్టు అవుతుంది.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. “సీత పుస్తకం” అన్నప్పుడు మనిషి ముందు, వస్తువు తరువాత వస్తాయి. ఇంగ్లీషువాళ్ళ “సీతాస్ బుక్”లోనూ అదే వరుస. రెండు భాషలూ ఇంత చక్కగా కలిసి నడిచే చోటు ఇంగ్లీషు వ్యాకరణంలో మనకు అరుదుగా దొరుకుతుంది. నువ్వు ‘ఆఫ్’తో మొదలుపెట్టడం వల్ల ఆ వరుసను అనవసరంగా తలకిందులు చేశావు. నీ పాఠం చదివినవాడు “ద బుక్ ఆఫ్ సీత”, “ద బైక్ ఆఫ్ మై బ్రదర్” అని రాస్తాడు. వ్యాకరణం ఒప్పుకుంటుంది గాని అలా ఎవరూ మాట్లాడరు. వాడు తన తెలుగు వరుసను ఉన్నదున్నట్టు ఉంచుకుని మనిషి పేరు చివర ఒక ‘స్’ చేర్చుకుంటే సరిపోయేది.

ఆ ‘స్’ కూడా వాడికి కొత్తది కాదు. బాయ్స్ హైస్కూల్, లేడీస్ హాస్టల్, చిల్డ్రన్స్ పార్క్, టీచర్స్ డే అని చదువు రానివాళ్ళు కూడా అంటారు. నీ మొదటి పేజీలో ఉండవలసినవి ఈ మాటలు. వీటితోనే ఇంకో మంచి సంగతి కూడా చెప్పవచ్చు. లేడీస్ టైలర్‌ను ఆడవాళ్ళెవరూ కొనుక్కోలేదు. మన ‘పిల్లల డాక్టరు’ పిల్లల సొత్తు కానట్టే. ఈ ‘స్’ ఆస్తిని మాత్రమే చెప్పదు, చుట్టరికాన్ని, ఉద్దేశాన్ని, కాలాన్ని కూడా చెబుతుంది. నువ్వు అధ్యాయానికి ‘స్వామ్యం’ అని పేరు పెట్టావు. ‘ఎవరిది, ఎవరికి సంబంధించింది’ అంటే పొడుగైనా నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక అక్షరం నెత్తిన పెట్టే ఆ చిన్న కొక్కెం, అపాస్ట్రఫీ. దానికి నువ్వు ఏడు సూత్రాలు ఇచ్చావు. పాఠకుడు మూడో సూత్రం దగ్గర పుస్తకం మూసేస్తాడు. ముందు దాని పుట్టుక రెండు వాక్యాల్లో చెప్పు. పాత ఇంగ్లీషులో చాలా నామవాచకాలకు సంబంధాన్ని తెలిపే ప్రత్యయం ‘ఎస్’ అనే ఒక్క అక్షరం కాదు, ‘ఇ-ఎస్’ అనే రెండక్షరాలు. కాలక్రమంలో ఆ ‘ఇ’ చాలా మాటల్లో ఉచ్చారణలోంచి జారిపోయింది. జారిపోయిన అక్షరం స్థానంలో గుర్తు పెట్టే అలవాటు పదహారో శతాబ్దంలో ఫ్రెంచి ముద్రాపకుల నుంచి ఇంగ్లీషుకు వచ్చింది. బహువచనం తరువాత గుర్తు పెట్టే పద్ధతి పద్ధెనిమిదో శతాబ్దం దాకా కుదురుకోనేలేదు. పాఠకుడికి ఇది తెలిస్తే, ఆ గుర్తు దేవుడిచ్చిన శాసనం కాదని, మనుషులు నెమ్మదిగా కుదుర్చుకున్న ఒప్పందమని ధైర్యం వస్తుంది.

ఆ తరువాత అసలు చిక్కు చెప్పు. తెలుగులో అబ్బాయి, అబ్బాయిలు, అబ్బాయిల అని మూడూ చెవికి వేరువేరుగా వినిపిస్తాయి. ‘అబ్బాయిల గది’ అనగానే ఒక్కడిది కాదని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. ఇంగ్లీషులో అబ్బాయిలు, ఒక అబ్బాయి తాలూకు, అబ్బాయిల తాలూకు అనే మూడింటికీ నోట్లో ఒకటే మాట, ‘బాయ్జ్’. తేడా కాగితం మీద మాత్రమే ఉంది. తెలిసినవాళ్ళు కూడా తప్పు రాసేది అందుకే. చెవి ఇక్కడ ఏ సాయమూ చెయ్యదు. కనుక నీ ఏడు సూత్రాలూ కొట్టేసి ఒక్క పని చెప్పు: ఎవరిదో ఆ మాటను ముందు పూర్తిగా రాయాలి, ఒక్కరైతే ఒక్కరుగా, ఎక్కువమందైతే ఎక్కువమందిగా, దాని ఆఖరి అక్షరం తరువాత గుర్తు పెట్టాలి, అది అప్పటికే ‘ఎస్’తో ముగిసిన బహువచనం కాకపోతే ఒక ‘ఎస్’ చేర్చాలి. చిల్డ్రన్, మెన్, విమెన్ లాంటి మాటలకు కూడా ఇదే సరిపోతుంది, వాటికి వేరే పేరా అక్కర్లేదు.

ఈ గుర్తు స్థానం వల్ల అర్థం ఎంత మారుతుందో చూపించడానికి నేను మదర్స్ డే కథ చెబుతుంటాను. అమెరికాలో ఆ పండుగ కోసం పాటుపడిన ఆనా జార్విస్, గుర్తు ‘ఎస్’కు ముందే ఉండాలని పట్టుబట్టింది. లోకంలోని తల్లులందరికీ కలిపి ఒక పండుగ కాదు, ఎవరి తల్లిని వాళ్ళు తలుచుకునే రోజు కావాలన్నది ఆమె కోరిక. 1914లో అధ్యక్షుడు విల్సన్ దాన్ని జాతీయ దినంగా ప్రకటించినప్పుడు కూడా ఏకవచనమే నిలిచింది. మన టీచర్స్ డే దగ్గర గుర్తు ‘ఎస్’ తరువాత వస్తుంది, ఎందుకంటే అది ఉపాధ్యాయులందరిదీ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే సూత్రం అడగకుండానే గుర్తుంటుంది.

పేర్ల విషయంలో మరీ పట్టుదలకు పోవద్దు. లండన్ భూగర్భ రైలు మార్గంలో ఎర్ల్స్ కోర్ట్, బారన్స్ కోర్ట్ అని రెండు స్టేషన్లు ఉన్నాయి. మొదటిదానికి గుర్తు ఉంది, రెండోదానికి లేదు. ఆ దేశంవాళ్ళే ఇంత ధీమాగా ఉంటే, శ్రీనివాస్, దాస్ లాంటి పేర్ల తరువాత ఇంకో ‘ఎస్’ రాయాలా వద్దా అని మన పాఠకుణ్ణి పేజీన్నర బెదిరించడం న్యాయం కాదు. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి, ఒకటి పట్టుకుని దానికే కట్టుబడు అని ఒక వాక్యంలో తేల్చెయ్యి.

సర్వనామాల దగ్గర మాత్రం తొందరపడకు. నువ్వు అరపేజీలో ముగించిన ఈ భాగానికి మూడు పేజీలు కావాలి. నా, నాది అనే జంట మై, మైన్ అనే జంటతో చక్కగా సరిపోతుంది కనుక అది సులువు. కష్టమంతా ‘మా’ దగ్గర ఉంది. చాలా ఏళ్ళ కిందట నేను సాయంత్రం తరగతులు చెప్పేటప్పుడు ఒక నడివయసు గుమాస్తా సెలవు చీటీలో “అవర్ వైఫ్ ఈజ్ సిక్” అని రాశాడు. తరగతంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆయన చేసిన తప్పేముంది? మనం మా ఆవిడ, మా ఆయన, మా అమ్మ, మా ఊరు అంటాం. ‘నా ఆవిడ’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కుటుంబాన్ని ఒక్కడి సొత్తుగా చెప్పుకోకపోవడం మన మర్యాద. ఆ మర్యాదను ఇంగ్లీషులో అక్షరాలా దించితే అర్థం కొంప ముంచుతుంది. ఈ సంగతి విడమరిచి చెప్పకుండా ‘మా అంటే అవర్’ అని పట్టికలో పెట్టేశావు. ఆ పట్టిక తీసెయ్యి. మన, మా రెండింటికీ ఇంగ్లీషులో ఒకటే మాట ఉందనీ, ‘తన’కు అసలు మాటే లేదనీ ఉదాహరణలతో చూపించు. “రవి తన బండి కడిగాడు”, “రవి అతని బండి కడిగాడు” అంటే మనకు బండ్లు రెండు. ఇంగ్లీషులో రెండు చోట్లా ‘హిజ్ బైక్’ అనే రాయాలి, ఎవరిదో ముందు వెనుక మాటలను బట్టి గ్రహించాలి.

“రవి వాళ్ళ అమ్మ” అనేదాన్ని “రవి దెయిర్ మదర్” అని రాసేవాళ్ళు నీకూ తగులుతారు. వాళ్ళను చిన్నబుచ్చకు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఇంగ్లీషువాళ్ళే “ద కింగ్ హిజ్ క్రౌన్” అని, అంటే ‘రాజు అతని కిరీటం’ అని రాసుకునేవారు. ‘స్’ అనే ప్రత్యయం ‘హిజ్’కు కురచ రూపమని కూడా కొందరు భ్రమపడ్డారు. మన వాడుక ఆ పాత వాడుకకు మేనత్త కూతురు లాంటిది. ఇప్పుడది చెల్లదు, అంతే.

ఇట్స్ గురించి ఒక్క మాట. హిజ్, హర్స్, అవర్స్, దెయిర్స్ అనే వాటిలో దేనికీ గుర్తు ఉండదు కనుక ‘దాని’ అనే అర్థంలో ఇట్స్‌కు కూడా ఉండదు. గుర్తు ఉంటే అది ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హాజ్’. తప్పు రాసినవాడికి ఓదార్పు కావాలంటే, 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం పదో విభాగంలో ‘దాని’ అనే అర్థంలోనే గుర్తు పెట్టి రాశారని చెప్పు. అప్పట్లో అలా రాయడం మామూలే.

హావ్, హాజ్ భాగం నీ అధ్యాయంలో అన్నిటికంటే బలహీనంగా ఉంది. తెలుగులో ‘కలిగి ఉండు’ అనే క్రియను ఎవరూ మాట్లాడరు, నువ్వు మాత్రం ప్రతి వాక్యానికీ “నేను ఇద్దరు సోదరులను కలిగి ఉన్నాను” అని అర్థం రాశావు. యొక్క చేసిన అన్యాయమే ఇదీ. మనం “నాకు ఇద్దరు అన్నలున్నారు” అంటాం, “నా దగ్గర వంద రూపాయలున్నాయి” అంటాం. విడదీయరాని చుట్టరికానికి ‘కు’, చేతిలో ఉండి రేపు పోగల వస్తువుకు ‘దగ్గర’. ఇంగ్లీషు ఈ రెండింటినీ హావ్‌తోనే సరిపెడుతుంది. అక్కడితో ఆగకు. మన వాక్యంలో క్రియ ఉన్నదాన్ని బట్టి మారుతుంది: రవికి కూతురు ఉంది, రవికి ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఇంగ్లీషులో క్రియ ఎవరికి ఉందో ఆ మనిషిని బట్టి మారుతుంది. కూతురు ఒక్కతైనా, పిల్లలు పదిమందైనా ‘రవి హాజ్’ అనే అనాలి. “రవి హావ్ టు చిల్డ్రన్” అనే తప్పు మతిమరుపు వల్ల వస్తుందని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు, ‘ఉన్నారు’ అనే బహువచనం లోపల పనిచేస్తోంది. “ఐ యామ్ హావింగ్ టు బ్రదర్స్” అనేది కూడా ఇక్కడే సరిచెయ్యి. అన్నలు ఈ క్షణంలో జరుగుతున్న పని కాదు.

చివరికి ‘ఆఫ్’ను తీసుకురా. అప్పటికి అది ఎవరినీ తికమక పెట్టదు. ఇంటి కప్పు, కథ ముగింపు, పేజీ అడుగు భాగం లాంటి ప్రాణం లేనివాటికి ‘ఆఫ్’ నప్పుతుంది. మనుషులకు, జంతువులకు, ఊళ్ళకు, దేశాలకు, కాలానికి ‘స్’ నప్పుతుంది. కాలం అన్నాను కనుక మనవాళ్ళందరూ జీవితంలో ఒక్కసారైనా రాసిన లీవ్ లెటర్‌ను ఉదాహరణగా ఇవ్వు. “టు డేస్ లీవ్” అని రాసేటప్పుడు ‘డేస్’ తరువాత గుర్తు ఉండాలి, ఎందుకంటే అది రెండు రోజుల సెలవు. మన ‘రోజుల’లోని ఆ ‘ల’ చేసే పనే అక్కడ ఆ గుర్తు చేస్తోంది. “ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్” లాంటివి రెండో పుస్తకానికి వదిలెయ్యి.

అభ్యాసాల్లో నువ్వు రాసిన జాన్, మేరీ, వాళ్ళ పెన్సిలు డబ్బాలు నాకు నచ్చలేదు. నీ పాఠకుడు బ్యాంకులో ఖాతాదారు సంతకం సరిచూసేవాడు, ఆసుపత్రిలో రోగి తండ్రి పేరు రాసుకునేవాడు, అపార్ట్‌మెంటు కాపలాదారుకు పక్క ఫ్లాటువాళ్ళ కారు గురించి చెప్పవలసినవాడు. ఆ సంతకం, ఆ తండ్రి పేరు, ఆ కారు నీ వాక్యాల్లోకి రావాలి. ఇరవై వాక్యాలు కొత్తగా రాసి, వాటిని ముందు తెలుగులో మీ ఇంట్లో ఎవరితోనైనా చెప్పించు. వాళ్ళ నోట ఒక్కసారైనా ‘యొక్క’ వస్తే ఆ వాక్యం తీసెయ్యి. మిగిలినవి మాత్రం నాకు పంపు, పెన్సిలు చెక్కి ఉంచుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే
పాత పాఠాల రచయిత