ముందు నీటి లెక్క చెప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

చైనా దండెత్తితే తైవాన్ తనను తాను ఎలా కాపాడుకోగలదన్నదాని మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా పనిచేశావు. అయితే మొదటి మూడు పేజీలూ ఎవరికి ఎన్ని యుద్ధనౌకలు, ఎన్ని విమానాలు అన్న పట్టికలతోనే నిండిపోయాయి. ఆ పట్టిక చూడగానే పెద్దది చిన్నదాన్ని మింగుతుందని పాఠకుడు తీర్పు చెప్పేసుకుంటాడు. ఆ తర్వాత నువ్వు ఎంత మంచి వాదన చేసినా అతని చెవికెక్కదు. పట్టికను వెనక్కి జరిపి, నీటితో మొదలుపెట్టు.

చైనాకూ తైవాన్‌కూ మధ్య ఉన్న జలసంధి బాగా ఇరుకైన చోట కూడా సుమారు 130 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అంత దూరం సైన్యాన్ని, దాని తిండిని, మందుగుండును, ఇంధనాన్ని ఓడలకెక్కించి, ఉపగ్రహాల కళ్ళెదుటే దాటించి, ఎదురుకాల్పుల మధ్య ఒడ్డున దింపి, ఆ తర్వాత కూడా రోజూ సరఫరా ఆగకుండా చూసుకోవాలి. చలికాలంలో ఈశాన్య గాలులు సముద్రాన్ని కుదిపేస్తాయి, వేసవిలో తుఫానులు వస్తాయి. పడమటి తీరంలో చాలా చోట్ల బురద మేటలు. వాటిని దాటితే చెరువులు, వరిచేలు, కిక్కిరిసిన పట్టణాలు. ఆ వెనక ద్వీపం పొడవునా కొండలు.

ఇదంతా వర్ణనగా చెబితే చాలదు, ఒక్క రాత్రిలో చూపించు. చైనా నగరం షియామెన్‌కు ఎదురుగా, కంటికి ఆనేంత దగ్గరలో కిన్మెన్ ద్వీపం ఉంది. ఈనాటికీ అది తైవాన్ పాలనలోనే ఉంది. 1949 అక్టోబరు 25న, ఇంకా తెల్లవారకముందే, దాదాపు 9,000 మంది కమ్యూనిస్టు సైనికులు ఎక్కువగా జాలర్ల పడవల్లోనే వచ్చి అక్కడి గునింగ్‌తౌ తీరంలో దిగారు. వాళ్ళు వచ్చింది పోటు మీద. దింపేసి వెనక్కి వెళ్ళి రెండో విడత సైన్యాన్ని తేవలసిన పడవలు, ఆటు మొదలై నీళ్ళు తీసేసరికి ఇసుకలో కూరుకుపోయాయి. ద్వీపాన్ని కాస్తున్న తైవాన్ పక్షపు సైనికులు వాటిని తగలబెట్టారు. ఎదుటి గట్టున సైన్యం ఉంది కానీ దాన్ని తెచ్చే పడవ లేదు. మూడు రోజుల్లో దిగినవాళ్ళలో దాదాపు అందరూ చనిపోవడమో, పట్టుబడడమో జరిగింది. సముద్రం ఒడ్డున పెరిగినవాడివి, పడవ ఇసుకలో దిగబడడమంటే ఏమిటో నీకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ అనుభవంతోనే ఈ ఘట్టం రాయి.

కానీ ఈ ఒక్క విజయాన్ని పట్టుకుని తైవాన్ అజేయమని రాయవద్దు. దిగకుండానే గొంతు నులిమే దారి ఉంది, అదే నౌకా దిగ్బంధం, అంటే ఓడలేవీ వచ్చిపోకుండా సముద్రాన్ని మూసెయ్యడం. నీ వ్యాసంలో దానికి రెండే వాక్యాలు దక్కాయి. నా దృష్టిలో అసలు భయం అక్కడే ఉంది. తైవాన్ తన ఇంధనంలో 95 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటుంది. విద్యుత్తులో పెద్ద వాటా ఇచ్చే ద్రవీకృత సహజవాయువు నిల్వలు రెండు వారాలకు కూడా చాలవు. పైగా చివరి అణు రియాక్టరును 2025 మేలో మూసేశారు. 2023 ఫిబ్రవరిలో, చైనా తీరానికి దగ్గరగా తైవాన్ పాలనలో ఉన్న మాత్సు దీవులకు వెళ్ళే రెండు సముద్రగర్భ కేబుళ్ళూ కొద్ది రోజుల తేడాలో తెగిపోతే, ఒక చిన్న సందేశం వెళ్ళడానికి కూడా నిమిషాల తరబడి ఎదురుచూస్తూ అక్కడివాళ్ళు వారాలపాటు గడిపారు. తుపాకీ పేలలేదు. దీన్ని వివరంగా రాయి.

ఇక ఆయుధాల సంగతి. తైవాన్ సైన్యాధ్యక్షుడిగా పనిచేసిన లీ షీ మిన్ వాదన ముళ్ళపంది నీతి: ఖరీదైన పెద్ద ఆయుధాలు కొన్నింటికంటే, ట్రక్కుల మీద తిరిగే నౌకావిధ్వంసక క్షిపణులు, సముద్రపు మందుపాతరలు, డ్రోన్లు వేలకొద్దీ ఉండడం మేలని. నేను ఆయన పక్షమే. అయినా, తరచూ గగనతలం అంచుదాకా వచ్చే చైనా విమానాలను ఎదుర్కోవడానికి యుద్ధ విమానాలు కావాలన్న ఎదుటివారి మాటలోనూ బలం ఉంది, దాన్ని దాచకు. అమెరికా తప్పక వస్తుందని రాశావు, అది కొట్టెయ్. 1979 నాటి వాళ్ళ చట్టం రక్షణకు ఆయుధాలు అందించడం గురించి చెబుతుంది కానీ సైన్యాన్ని పంపుతామని మాట ఇవ్వదు.

ఇంకొక సవరణ. నిర్బంధ సైనిక సేవ నాలుగు నెలలని రాశావు. 2024 జనవరి నుంచి దాన్ని ఏడాదికి పెంచారు, 2005లోనూ ఆ తర్వాతా పుట్టిన మగపిల్లలకు అది వర్తిస్తుంది. అంటే ఇంచుమించు నీ ఈడువాళ్ళే. నీ వ్యాసం మొత్తంలో వాళ్ళలో ఒక్కరి ముఖమూ నాకు కనబడలేదు. రెండో ప్రతి పంపేటప్పుడు, ఇంటర్మీడియట్ అయిపోయి కాలేజీకి వెళ్ళబోతూ ఆ పిలుపు కాగితం అందుకున్న కుర్రవాడు ఆ పూట ఇంట్లో ఏం మాట్లాడి ఉంటాడో ఆలోచించి, అక్కడి నుంచి ఒక పేరా రాసి పంపు.

ఆశీస్సులతో.