జీపీఎల్ కింద విడుదల చేస్తే పేటెంటు దావాలు రావా?

సొంతంగా రాసిన ప్రోగ్రాంను జీపీఎల్ (కోడ్‌ను ఎవరైనా వాడుకుని, మార్చి, అదే షరతులతో పంచుకోనిచ్చే లైసెన్సు) మూడో వెర్షన్ కింద విడుదల చేస్తే పేటెంటు కేసుల బెడద తప్పుతుందా అని అడిగారు. లోపలివాళ్ల, అంటే ఆ కోడ్‌లో చేయి వేసినవాళ్ల బెడద తప్పుతుంది, బయటివాళ్లది తప్పదు.

2007 జూన్‌లో వచ్చిన ఈ వెర్షన్‌లో 11వ సెక్షన్ చదవండి. మీ ప్రోగ్రాంలో మార్పులు చేసి ఇదే లైసెన్సుతో ఇచ్చినవారు, దాన్ని వాడటానికి అవసరమైన తమ పేటెంట్లకూ రుసుము లేకుండా అనుమతి ఇచ్చినట్టే. ఒక చేత్తో కోడ్ ఇచ్చి, రెండో చేత్తో నోటీసు పంపడం కుదరదు. 1991 నాటి రెండో వెర్షన్‌లో ఇంత స్పష్టత లేదు. 2006 నవంబరులో మైక్రోసాఫ్ట్, లినక్స్ ఆపరేటింగ్ సిస్టం అమ్మే నోవెల్ సంస్థలు ఒకరి కస్టమర్లపై మరొకరు పేటెంటు దావా వేయబోమని ఒప్పందం చేసుకున్నాయి. మిగతా లినక్స్ వాడుకరుల సంగతి గాలికే! అలాంటి బేరాలకు అడ్డుకట్ట వేసే నిబంధనలు మూడో వెర్షన్‌లో చేరాయి.

మా చిన్న ప్రాజెక్టును రెండు నుంచి మూడుకు మార్చడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. కారణం ఒక్క వాక్యం. ఫైళ్ల పైభాగంలో 'రెండో వెర్షన్, లేదా మీ ఇష్టాన్ని బట్టి ఆ తరువాతి ఏ వెర్షనైనా' అని ఉండాలి. పద్నాలుగు ఫైళ్లలో ఆ రెండో సగం లేదు. రాసినవారందరినీ వెతికి అనుమతి అడిగాను. ఒకరు ఎంతకీ దొరకలేదు. ఆయన రాసిన రెండు వందల వరుసలను తీసేసి మళ్లీ రాసుకున్నాం. మీరు ఆ వాక్యాన్ని మొదటి రోజే పెట్టుకోండి.

ఇక బయటివాళ్లు. 2019లో షాట్‌వెల్ అనే ఫొటోల ప్రోగ్రాం విషయంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ గ్నోమ్ ఫౌండేషన్‌పై రాత్‌చైల్డ్ పేటెంట్ ఇమేజింగ్ అనే సంస్థ అమెరికాలో దావా వేసింది. షాట్‌వెల్‌దీ జీపీఎల్ లాంటి కాపీలెఫ్ట్ (మార్చి పంచేవారూ అవే షరతులతో పంచాలనే) లైసెన్సే. కానీ ఆ కోడ్‌ను ముట్టుకోని సంస్థకు, దావా వేస్తే లైసెన్సు రద్దవుతుందన్న బెదురేముంటుంది? 2020 మేలో రాజీ కుదిరింది.

మన పేటెంటు చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాంకు కేవలం ప్రోగ్రాంగా పేటెంటు రాదు. అయితే అమెరికా పేటెంటుకు అమెరికాలో మన చట్టం అడ్డుపడదు. అక్కడి కస్టమర్ ఒకరు నాకు పంపిన ఒప్పందంలో, పేటెంటు దావా వస్తే ఖర్చంతా నేనే భరించాలని పదో పేజీలో ఉంది. 'హామీ ఏమీ లేదు' అని జీపీఎల్‌లో ఎంత రాసి ఉన్నా, నేను విడిగా చేసే సంతకానికి బాధ్యత నాదే. ఆ పేరా తీసేయమన్నాను. మారుమాట లేకుండా తీసేశారు.