ఒక్కరోజులో హావ్‌లాక్: ట్రెక్, స్నార్కెలింగ్ రెండూ కుదురుతాయి

అన్నా, అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి హావ్‌లాక్ దీవికి (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావాలి, అడవిలో నడవాలి, పగడాలూ చూడాలి అన్నారు కదా, కుదురుతుంది, కానీ రాధానగర్ బీచ్ కూడా అంటే మాత్రం పరుగే. పొద్దున మొదటి ఫెర్రీకి వెళ్లి సాయంత్రం ఫెర్రీకి వచ్చేలా రెండు టికెట్లూ ముందే తీసుకోండి. జెట్టీ నుంచి ఆటోలో రాధానగర్ రోడ్డు మీద దిగితే ఎలిఫెంట్ బీచ్‌కి సుమారు రెండు కిలోమీటర్ల అడవి దారి ఉంటుంది, చివర్లో మడ అడవి బురద, అక్కడ నా చెప్పు ఒకటి అలాగే ఇరుక్కుపోయింది, కాబట్టి పట్టీ ఉన్న శాండిల్సే వేసుకోండి. వాన పడితే జలగలు, అప్పుడు జెట్టీ నుంచి పడవే మేలు.

ఎలిఫెంట్ బీచ్‌లోనే స్నార్కెలింగ్, అంటే మాస్క్ పెట్టుకుని నీళ్లపైన తేలుతూ పగడాలు చూడటం. మాస్క్‌లోకి నీళ్లొస్తే టెన్షన్ వద్దు, రబ్బరు కింద వెంట్రుకలున్నాయేమో చూడండి. మీసం ఉంటే కొంచెం వాసెలిన్ రాయండి, నాకైతే అదే పనిచేసింది. మన నెల్లూరు మైపాడు బీచ్ అలల్లో దూకినట్టు దూకొద్దు, పగడం మీద కాలు పెట్టొద్దు, గైడ్ చూపిన హద్దు దాటొద్దు, ఆ సముద్రంలో మొసళ్లూ ఉంటాయి. డిసెంబర్‌లో అయిదింటికే పొద్దు గూకుతుంది, అది లెక్కలో పెట్టుకోండి.