"ఏదో ఒకటి చెప్పమ్మా" అనేవారి చేత లక్ష్యం చెప్పించడం ఎలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: సాయంత్రం పూట ఎనిమిది మంది మహిళలకు చదువు చెబుతున్నారు. ఏం నేర్చుకోవాలని ఉందని అడిగితే అందరూ "ఏదో ఒకటి చెప్పమ్మా, నీకు తెలియనిదా" అంటున్నారు. అలాంటప్పుడు ఒక్కొక్కరి చేత సొంత లక్ష్యం ఎలా పెట్టించాలి? పెద్దవాళ్లకు చదవడం, రాయడం నేర్పే సాక్షర భారత్ కార్యక్రమం నడిచిన రోజుల్లో ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెలో నేను మూడేళ్లు వలంటీరుగా పనిచేశాను. మొదటి నెలంతా నాకు వచ్చిన జవాబు కూడా అదే.

ఆ జవాబును ఆసక్తి లేకపోవడంగా తీసుకోకండి. యాభై ఏళ్ల మనిషిని, కూతురి వయసున్న చదువుకున్న పిల్ల "మీ లక్ష్యమేమిటి" అని అడిగితే అది పరీక్షలో ప్రశ్నలా వినిపిస్తుంది. నేను ఆ ప్రశ్న మానేసి, "ఈ నెలలో ఎవరి చేతనైనా ఏదైనా చదివించుకోవలసి వచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టాను. అంతవరకు మాట్లాడనివారు కూడా, మందుల చీటీ దగ్గర మొదలుపెట్టి ఉపాధి హామీ జాబ్ కార్డులో ఎన్ని రోజులు వేశారో తెలియని సంగతి దాకా, వరుసగా చెప్పుకుంటూ పోయారు. లక్ష్యాలన్నీ ఆ మాటల్లోనే ఉన్నాయి. మనం చేయవలసిందల్లా వాటిలో ఒకదాన్ని, ఆవిడ మాటల్లోనే, నోటు పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టడం.

ఒక ఉదాహరణ కొంచెం వివరంగా చెబుతాను. కందుకూరులో ఉన్న కూతురి ఇంటికి బయలుదేరిన ఒక పెద్దావిడ, బోర్డు మీద "క" కనిపించిందని ఒంగోలు బస్టాండులో కనిగిరి బస్సెక్కింది. ఆవిడకు అప్పటికి వచ్చిన అక్షరాల్లో "క" ఒకటి. సగం చదువు ఎంత పని చేస్తుందో నాకు ఆ రోజు అర్థమైంది. పాత క్యాలెండరు కాగితాల వెనక కందుకూరు, కనిగిరి, కావలి, కొండపి అని బస్సు బోర్డంత అక్షరాలతో రాసి, వాచకాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టాము. ఆ నాలుగు పేర్లలోనే క, కా, కూ, కొ ఉన్నాయి; ని, గి, రి, లి ఉన్నాయి; దు, రు ఉన్నాయి; సున్నా ఉంది. గుణింతం ఎందుకు కావాలో ఆవిడకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది, ఎందుకంటే "క" తరువాత ఏముందో చూడకపోతే కూతురి ఊరు రాదు. మూడో వారంలో ఒక్కతే వెళ్లి వచ్చింది. ఆ పేజీలో "కందుకూరు బస్సు నేనే ఎక్కాలి" అని రాసుకున్న వాక్యం పక్కన తనే టిక్కు పెట్టుకుంది.

నెరవేరిందో లేదో ఇలా ఆవిడకే తెలియాలి, మీరు మార్కులు వేసి చెప్పవలసిన పని ఉండకూడదు. "పేపరు చదవాలి" అనేది కోరికగా మంచిదే కానీ, ఎప్పుడు పూర్తయిందో ఎవరికీ తెలియదు గనుక, మధ్యలోనే నీరుగారిపోతుంది. ఆరు వారాలకు మించనిదాన్ని ఎంచుకోమని నా సలహా.

సంతకం విషయంలో మాత్రం జాగ్రత్త. ఎవరిని అడిగినా ముందు చెప్పేది అదే, అధికారులు వచ్చినప్పుడు చూపించడానికీ అదే సులువు. కానీ చదవడం రాకుండా నేర్చుకున్న సంతకం ముగ్గు లాంటిది, చేయి గుర్తుపెట్టుకుంటుంది తప్ప మనిషికి దానిలోని అక్షరాలు తెలియవు. మా కేంద్రంలో ఒకావిడ అలా నేర్చుకుని, వేలిముద్ర తీసేయించి బ్యాంకులో సంతకం నమోదు చేయించుకుంది. రెండు నెలల తరువాత డబ్బు తీసుకోబోతే సంతకం కలవలేదని నలుగురిలో వెనక్కి పంపారు. తొందరపెట్టింది నేనే. ఆ తరువాత నుంచి, చేయి కుదురుకుని, పేరులోని ఏ అక్షరం ఎక్కడ అడిగినా విడిగా గుర్తుపట్టేదాకా బ్యాంకుకు పంపలేదు; ఫారంలో రాసిన మొత్తం ఎంతో తనే చదివిన తరువాతే సంతకం పెట్టడం కూడా ఆ లక్ష్యంలో భాగం చేశాను. ఇంకొక చిక్కు ఉంది. సుబ్బమ్మ, అచ్చమ్మ, లక్ష్మమ్మ అంటూ మన పల్లె పేర్లలో ఒత్తులు లేనివి తక్కువ, వాచకంలోనేమో ఒత్తులు చివరికి వస్తాయి. పేరు లక్ష్యమైనప్పుడు ఒత్తును మొదటి వారంలోనే చెప్పేయండి, ఏమీ కాదు.

పాస్ పుస్తకం చూసుకోవాలనేవారు మీకు తప్పకుండా తగులుతారు. నోటి లెక్కలో వాళ్లు మనకంటే చురుకు, కాబట్టి కూడికలు నేర్పుతూ కూర్చోకండి. మా బ్యాంకులో పాస్ పుస్తకం ఇంగ్లీషులో ముద్రించి ఇచ్చేవారు గనుక, అంకెలతో పాటు జమ గడి ఏది, ఖర్చు గడి ఏది, చివర మిగిలింది ఎంత అన్న మూడు చోట్లను గుర్తుపట్టించడమే మేము లక్ష్యంగా పెట్టుకున్నాము.

కాలం కూడా చూసుకోవాలి. మా వైపు పొగాకు గ్రేడింగు, అంటే ఆకును రకాల వారీగా వేరుచేసే పని, మొదలైతే కేంద్రానికి సగం మంది కూడా వచ్చేవారు కారు. ఆ నెలల్లో కొత్త లక్ష్యం పెట్టకుండా, పనికి వెళ్లిన రోజులను తేదీ వేసి ఎవరికి వారు రాసుకోవడం ఒక్కటే ఉంచాను. కూలి లెక్క దగ్గర పనికివచ్చింది గనుక అది ఆగలేదు. పెద్దవాళ్ల చదువు కోసం ఇప్పుడు నడుస్తున్న ఉల్లాస్ కార్యక్రమంలో చదవడం, రాయడం, లెక్కలకు యాభై చొప్పున 150 మార్కుల పరీక్ష ఉంది. దానికి కూర్చోబెట్టండి, కానీ దాన్ని ఎవరి నోటు పుస్తకంలోనూ మొదటి పేజీకి ఎక్కించకండి.

చివరగా నేను చేసిన మరో తప్పు. ఉత్సాహం కొద్దీ అందరి పేర్లూ లక్ష్యాలూ చార్టు మీద రాసి గోడకు అంటించాను. మరునాటి నుంచి ఒకావిడ రావడం మానేసింది. కారణం ఎంత అడిగినా చెప్పలేదు. చార్టు తీసేసిన పది రోజులకు తిరిగి వచ్చి, అందరూ వెళ్లాక, ఫోను నా చేతిలో పెట్టింది. ఎవరు చేస్తున్నారో కొడుకును అడగకుండా తనకే తెలియాలట. చార్టులో ఆవిడ పేరు పక్కన నేను "సంతకం" అని రాశాను. ఆ రాత్రి ఫోనులోని పదకొండు పేర్లనూ తెలుగులోకి మార్చి, మొదటి పేరు "అక్క" దగ్గర మొదలుపెట్టాము.