గురజాడ నాటకం కన్యాశుల్కంలో వేషాలు చాలామంది మారుస్తారు. నిజంగా మారింది ఎవరు?

నా లెక్కలో గిరీశం కాదు. వితంతువు బుచ్చమ్మను పెళ్లాడతానన్నా, వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచినా ఆఖరి రంగం దాకా అతను అతనే. కరటక శాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం కట్టి ముసలి లుబ్ధావధాన్లుకు భార్య అవుతాడు. అది నాటకాన్ని నడిపించే ఎత్తు, అంతే.

మార్పు చూడాలంటే చివర్లో వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వచ్చే ఘట్టం దగ్గర ఆగాలి. వేశ్యలంటే గిట్టని మనిషాయన. ఆ దొంగ పెళ్లికూతురు మాయమవడంతో ఖూనీ కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లును బయటపడేసే కీలకం ఆమె దగ్గరుంది. బదులుగా ముద్దు అడుగుతుంది. ఆయన సరేననే సమయానికి తానే వద్దంటుంది, చెడనివాళ్లను చెడగొట్టొద్దన్న తల్లి మాట గుర్తుచేసి. ఆయన భగవద్గీత ఇస్తాడు. మారింది ఆమె ఒక్కతేనా? సాని కూడా మనిషేనని తెలుసుకున్న పంతులు ఇంకాస్త ఎక్కువే మారాడనిపిస్తుంది నాకు.

అన్నట్టు, నాటకం కూడా మారింది. 1892లో విజయనగరంలో ఆడిన దాన్ని గురజాడ బాగా పెంచి, తిరగరాసి 1909లో అచ్చు వేయించారు. మనం ఇప్పుడు చదివేది ఆ రెండో రూపమే.